మోకాలికి కట్టున్నవాడు

హైదరాబాద్, అమీర్‌పేట
8 ఫిబ్రవరి 2004

హాతీరాం మామకు భార్గవి నమస్కారాలు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. తండాలో ఉన్న ఒక్క ఫోనూ దేవ్లా కిరాణా కొట్టులో ఉంది. నేను అమ్మతో ఒక మాటంటే ఉప్పు కొనడానికి వచ్చినవాళ్లంతా దాన్ని రెండు చేసుకుని ఇళ్లకు పట్టుకుపోతారు. పాల్వంచలో నీ క్వార్టర్‌కు రాస్తే నువ్వొక్కడివే చదువుతావు. అత్త కూడా చదువుతుందనుకో, ఆమె బయటపెట్టదు.

నాకు ఉద్యోగం దొరికింది మామా. సంతోషించు, కానీ ఎవరికైనా చెప్పే ముందు ఉత్తరం మొత్తం చదువు.

అమెరికాలో జీతాలకు బాస్కెట్‌బాల్ ఆడే జట్లున్నాయి. ఏటా సీజన్ అయ్యాక అందరిలోకీ మేటి ఆటగాడికి ఒక అవార్డు ఇస్తారు. అది ఎవరికి వస్తుందని విదేశాల్లో పందేలు కాస్తారు. అక్కడ దానికి లైసెన్సులుంటాయి, ఆఫీసులుంటాయి, మన దగ్గర లాగా తోటల్లో దాక్కోరు. పందెం కాయించుకునే కంపెనీలు ఒక్కో ఆటగాడికి ఒక్కో రేటు పెడతాయి. అందరికంటే ముందున్నవాడి మీద రూపాయి కాస్తే రెండు వస్తాయి. ఎవరూ అనుకోనివాడి మీద కాస్తే నలభై. ఆ రేట్లన్నీ కంప్యూటర్‌లో చూసి ఒకచోట చేర్చడం, ఏదైనా కదిలితే ఎందుకు కదిలిందో వెతికి రాయడం నా పని. ఇంటర్వ్యూకు వచ్చిన అందరికీ కంప్యూటర్ వచ్చు. ఆట తెలిసింది నాకొక్కదానికే. మీ కాలనీ బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన గోడ మీద కూర్చోబెట్టి నువ్వు చెప్పిన పాఠాలే పనికొచ్చాయి.

నేను పందెం కాయను మామా. కాసేవాళ్లను చూసి రాస్తాను, అంతే. అయినా ఆ మాట అమ్మకు చెప్పలేను. బూర్గంపాడు అవతల తోటలో కోడికి కట్టిన కత్తి నాన్న తొడలో దిగిన రోజు నుంచి మన ఇంట్లో పందెం అన్న మాటే లేదు. ఆటల వార్తలు రాసే ఆఫీసని చెప్పు. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. మే నెలలో అవార్డు ప్రకటించేదాకా సెలవుల్లేవు, ఆ తర్వాత పర్మనెంట్ చేస్తామన్నారు.

అన్నట్టు, దసరాకు నాతో వచ్చిన నాగలత ఇప్పటికీ హాస్టల్లో ఆ కథే చెబుతోంది. వాకిట్లో అమ్మ నన్ను వాటేసుకుని రాగం తీసి ఏడుస్తుంటే, పాపం ఆ సత్తుపల్లి పిల్ల సంచి కింద పడేసి "ఎవరు పోయారండీ?" అని నిన్నే అడిగింది కదా! చాలా రోజులకు కలిసిన చుట్టాన్ని మా ఆడవాళ్లు అలాగే ఏడ్చి పలకరిస్తారంటే నమ్మదు. నిజం చెప్పనా, నాకూ ఆ రోజు సిగ్గేసింది. నాకు ఆ ఏడుపు రాదు. వాళ్ల చేతుల్లో కర్రలా నిలబడిపోతాను.

ఆటగాళ్ల ఫొటోలున్న కాగితం ఒకటి ఇందులో పెట్టాను. అమ్మకు చూపించు.

నీ మేనకోడలు
భార్గవి


పాల్వంచ
20 ఫిబ్రవరి 2004

బేటీ భార్గవీ,

షిఫ్టు దిగి, ముఖం మీది బొగ్గు కడుక్కుని, మీ అత్త ఇచ్చిన టీ పక్కన పెట్టుకుని రాస్తున్నాను. కోర్టు పక్కన గోడ మీద నేను చెప్పిన పాఠాలకు జీతం ఇచ్చే ఆఫీసు ఉందని తెలిస్తే నేనే వచ్చి ఇంటర్వ్యూకు కూర్చునేవాణ్ణి. ఇరవై ఏళ్లుగా ఈ కరెంటు ప్లాంటులో బాయిలర్ పక్కన ఉడుకుతున్నాను.

వీక్లీ ఆఫ్ రోజు తండాకు వెళ్లి ఫొటోల కాగితం అక్కకు ఇచ్చాను. అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "గింత పొడుగోళ్లకు దర్వాజలు ఎవలు జేస్తరురా?" అని మొదటి ప్రశ్న. మీ ఆఫీసులో కనుక్కుని రాయి. తర్వాత ఒకడి మీద వేలు పెట్టింది. మోకాలికి తెల్ల కట్టు కట్టుకుని ఉన్నాడే, వాడు. "గీ పిలగానికి మోకాలు నొస్తున్నది. నా లెక్కనే. నొప్పితోటి ఉరుకుతున్నడు సూడు. గా ఇనాం ఏందో ఈనికే ఇయ్యాలె" అని తీర్పు చెప్పేసింది. కాగితం అద్దం పక్కన గోడకు అంటించింది. వాడి రేటెంతో రాయి, నాకూ ఆసక్తిగా ఉంది.

ఆటల వార్తల ఆఫీసని చెప్పాను. నా ముఖంలోకి ఒకసారి చూసి, ఇంకో రొట్టె వేసింది. మా అక్కకు చిన్నప్పటి నుంచీ ఆ చూపు ఉంది. నేను బడి ఎగ్గొట్టిన రోజున కూడా ఏమీ అడగకుండా ఇలాగే వడ్డించేది.

కడుపులో బరువుగా ఉంటోందట, తిండి తగ్గింది. ఇప్పపూలు ఏరుతూ ఎండలో తిరుగుతుంది కదా. భద్రాచలంలో చూపిస్తాను. నువ్వు దాని గురించి ఆలోచించకు.

మీ మామ
హాతీరాం


హైదరాబాద్
14 మార్చి 2004

మామా,

అమ్మ ఎంచుకున్నవాడి రేటు ముప్ఫై. అంటే పెద్ద ఆశ లేనివాడు. అయినా ఆఫీసులో అందరికంటే ముందు వాడి పేరే వెతుకుతున్నాను. వాడు పోయిన వారం రెండు మ్యాచ్‌లు ఆడి మూడోదానికి బయట కూర్చుండిపోయాడు. "నీ చుట్టమా?" అని మేనేజర్ ఎగతాళి చేశాడు. మా అమ్మకు చుట్టం అన్నాను.

ఈ పనిలో ఒక సంగతి తెలిసింది. రేటు వార్త కంటే ముందే కదులుతుంది. పొద్దున ఒకడి రేటు ఉన్నట్టుండి ఎగిరిందంటే, సాయంత్రానికి వాడి చీలమండ బెణికిందని బయటపడుతుంది. ఎవరో ఒకరికి ముందే తెలిసిపోతుందన్నమాట. ఇంకోటి, ఏ కంపెనీ అయినా ఒక పేరు ఎదురుగా రేటు తీసేసి ఖాళీ పెట్టిందంటే అక్కడ కథ ముగిసినట్టే. "అంకెలు ఎవరైనా చూస్తారు, నువ్వు ఖాళీలు చూడటం నేర్చుకో" అంటాడు మేనేజర్.

పోయిన ఆదివారం ఫోన్లో అమ్మ "తిన్నవా, పైలం" అని పెట్టేసింది. ఎప్పుడూ మేకలూ, పక్కింటి గొడవలూ చెప్పి చెప్పి దేవ్లా కసురుకుంటే గానీ వదిలేది కాదు. ఈ రోజైతే అసలు కొట్టుకే రాలేదు. ఎవరైనా ఏమైనా అన్నారా? డాక్టరేమన్నాడు?

భార్గవి


పాల్వంచ
24 మార్చి 2004

బేటీ,

ఖాళీల గురించి మీ మేనేజర్ చెప్పింది బాగుంది. మా కంట్రోల్ రూంలోనూ అంతే, మీటరు ముల్లు కదలకుండా ఉంటేనే మాకు గుబులు.

ఇక్కడ జరిగింది చెబుతాను. ఈ మధ్య పాల్వంచ లాడ్జిలో క్రికెట్ పందేలు కాస్తున్న నలుగురిని పోలీసులు పట్టుకున్నారు. కంప్యూటర్నీ ఫోన్లనూ ముందు పెట్టి నిలబెట్టిన ఫొటో పేపర్లో పడింది. దేవ్లా ఆ పేపరు కొట్టులో గట్టిగా చదివి, ఉప్పుకు వచ్చిన అక్కను అందరి ముందూ అడిగాడట. "హేమ్లక్కా, నీ బిడ్డ గూడ కంప్యూటర్ల ఆటలే జూస్తదంటివి గద. గిసోంటిదేనా ఏంది?" అక్క ఉప్పు అక్కడే పెట్టేసి ఇంటికి వచ్చేసింది. అప్పటి నుంచి కొట్టు వైపు వెళ్లడం లేదు.

నన్ను అడిగింది. ఇక దాచలేక నీ పని ఏమిటో ఉన్నదున్నట్టు చెప్పాను. విని, గోడ వైపు తిరిగి పడుకుంది.

డాక్టరు మందులిచ్చాడు, వాడుతోంది. నువ్వు ఇప్పుడు రావద్దు. పని చూసుకో. అవార్డేదో అయిపోయాక వచ్చి నీ నోటితో నువ్వే చెప్పుకుందువు.

మామ


హైదరాబాద్
4 ఏప్రిల్ 2004

మామా,

వరసగా నాలుగు ఆదివారాలు. చేసినప్పుడల్లా "రాలేదమ్మా" అని దేవ్లా పెట్టేస్తున్నాడు. ఆ గొంతులో జాలి వినబడి నాకు ఒళ్లు మండుతోంది. నన్ను లాడ్జిలో దొరికినదాన్ని చేసి, పైగా జాలి!

అమ్మ నన్ను తిడితే బాగుండేది. చెప్పుతో కొట్టినా పడతాను. ఇలా మాట్లాడకుండా ఉంటే నాకు తిండి సయించడం లేదు. మామా, ఈ కింది మాటలు ఆమెకు చదివి వినిపించు, ఒక్కటి కూడా వదలకు.

యాడీ, నేను ఏ పందెమూ కాయలేదు. నాన్నను తీసుకుపోయిన దాని దగ్గరకు నేనెందుకు పోతాను? వచ్చిన ఉద్యోగం ఇది. నువ్వు వద్దంటే రేపే మానేస్తాను. వద్దని చెప్పడానికైనా ఫోన్ దగ్గరకు రా.

మోకాలి కట్టు అతని సంగతి బాగాలేదు. ఈ వారం మూడు కంపెనీలు అతని పేరు తీసేశాయి. ఇది మాత్రం అమ్మకు చెప్పకు.

రెండు రోజులు వచ్చిపోనా? మేనేజర్‌ను అడగలేదు. నువ్వు ఊఁ అంటే అడగను కూడా, బస్సెక్కేస్తాను.

భార్గవి


పాల్వంచ
11 ఏప్రిల్ 2004

బేటీ,

నీ మాటలు చదివి వినిపించాను, ఒక్కటి కూడా వదల్లేదు. ఉద్యోగం మానొద్దంది. అది ఆమె మాటే, నా మాట కాదు.

ఇప్పుడు బయలుదేరకు. ఎలక్షన్ జీపులతో బస్సులు సరిగా లేవు. పెనుబల్లి నుంచి చాంది పెద్దక్కను రమ్మని కబురు పెట్టాను, నాలుగు రోజులు తోడుంటుంది. డబుల్ షిఫ్టు పడుతోంది, ఎక్కువ రాయలేను.

మామ


హైదరాబాద్
18 ఏప్రిల్ 2004, ఆదివారం మధ్యాహ్నం

మామా, మామా,

ఈ రోజు నేను కడుపు నిండా అన్నం తిన్నాను.

పొద్దున ఎస్టీడీ బూత్ నుంచి కొట్టుకు ఫోన్ చేస్తే దేవ్లా లేడు, వాళ్ల అమ్మ పూలి అవ్వ ఎత్తింది. ఆమెకు వినబడదు కదా, నేను అరిచి అరిచి అడిగినా జవాబు లేదు. కానీ ఫోన్లోంచి వెనకాల ఏడుపు వినబడింది. రాగం తీసి, ఇద్దరు ముగ్గురు కలిసి. నాకు వెంటనే తెలిసిపోయింది, చాంది పెద్దమ్మ బస్సు దిగింది! అక్కాచెల్లెళ్లు మెడలు పట్టుకుని అందుకున్నారు. కాసేపటికి పూలి అవ్వ కూడా ఫోన్ పట్టుకునే రాగం ఎత్తుకుంది. నవ్వాపుకోలేకపోయాను మామా. తోడు వచ్చిన నాగలతను పిలిచి రిసీవర్ చెవికి పెట్టాను. "మళ్లీ ఎవరు పోయారే?" అంది. ఎవరూ పోలేదు, మా పెద్దమ్మ వచ్చింది అన్నాను.

ఆ గొంతుల్లో ఒకటి అమ్మదని నాకు తెలుసు. కోపం లోపల పెట్టుకున్న మనిషి అలా గొంతు విప్పి ఏడవదు. పెద్దమ్మ ముందు అంతా కక్కేసి ఉంటుంది. వాళ్లను కదిలించడం ఎందుకని నేనే పెట్టేశాను. ఏడవనీ. వచ్చే ఆదివారం అమ్మ తప్పకుండా వస్తుంది చూడు.

ఆటలు అయిపోయాయి, ఇక ప్రకటించడమే మిగిలింది. మే నెలలో వస్తాను. అమ్మ వాకిట్లో పట్టుకుని ఏడిస్తే ఈసారి సిగ్గుపడను, మాటిస్తున్నాను. ఇప్పుడే డబ్బాలో వేసి వస్తాను.

భార్గవి


పాల్వంచ
1 మే 2004

బేటీ,

నువ్వు పద్దెనిమిదిన రాసిన ఉత్తరం నువ్వు వచ్చి వెళ్లిపోయాక చేరింది. గేటు దగ్గర చదివి, అక్కడి నుంచే వెనక్కి వచ్చేశాను. ఆ రోజు షిఫ్టుకు వెళ్లలేకపోయాను.

తండాలో ఉన్న మూడు రోజులూ నువ్వు నాతో మాట్లాడలేదు. చేతులు చాచి వచ్చిన పెద్దక్కను దాటుకుని పోయి దేవ్లా కొట్టులో ఫోన్ పక్కన కూర్చున్నావు. ఎందుకో అప్పుడు మాకు అర్థం కాలేదు. ఈ ఉత్తరం చదివాక అర్థమైంది. పన్నెండో రోజు కార్యానికి నువ్వు రాకపోతే ఎవరూ తప్పు పట్టలేదు. నీకు చెప్పాల్సినవి ఉన్నాయి, అన్నీ చెబుతాను. చదివి చింపేసినా సరే.

భద్రాచలం వాళ్లు ఖమ్మం పంపితే, మార్చిలోనే అక్కడి డాక్టరు కడుపులో గడ్డ అన్నాడు. హైదరాబాద్ పెద్ద దవాఖానాకు తీసుకుపొమ్మన్నాడు. అక్క ఒప్పుకోలేదు. "హైదరాబాద్ పోతె అది కొలువు ఇడిచిపెట్టి నా మంచం కాడ గూసుంటది. దాని పొడుగోళ్ల పని ఒడువనీ, గప్పుడు పోదాం" అంది. నా చెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకుంది, నీకు చెప్పనని ఒట్టు వేయించుకుంది. ఆమె కొట్టుకు రాకపోవడం కోపంతో కాదు. కడుపు ఉబ్బి నడవలేకపోయింది. దేవ్లాకు కూడా నోరు మూసుకొమ్మని నేనే చెప్పాను.

నువ్వు కోపమనుకున్నావు. అనుకోనిచ్చాను. జబ్బని తెలిస్తే పరిగెత్తుకొస్తావు, కోపమైతే బాధపడతావు కానీ పనిలో ఉంటావు, కోపం తర్వాత తీర్చుకోవచ్చు అని నా తెలివి. తర్వాత అనేది ఉంటుందని లెక్కేశాను. డాక్టరు కూడా నెలలు పడుతుందన్నాడు. ఆ ఆదివారం పొద్దున్నే ప్రాణం పోయింది. ఆదివారమని ఆఫీసు గది మూశారేమో, మీ హాస్టల్ ఫోన్ సాయంత్రం గానీ ఎవరూ ఎత్తలేదు. ఎండలు చూసి పెద్దలు ఆగనివ్వలేదు. నువ్వు సోమవారం వచ్చేసరికి బూడిదే మిగిలింది.

దేవ్లా పేపరు చదివిన రోజు సంగతి నీకు సగమే రాశాను. అక్క ఊరికే వచ్చేయలేదు. ఉప్పు కింద పెట్టి, అందరి ముందూ జవాబు చెప్పి వచ్చింది. "నా బిడ్డ కోడికి కత్తి గట్టది దేవ్లా. ఎవలు ఎవల మీద కాస్తున్నరో దూరంకెల్లి జూసి రాస్తది. దాని నాయిన దస్రు గూడ గట్ల దూరం నిలవడి జూసుంటె ఇయ్యాల బతికుంటుండె." ఫొటోల కాగితం చూపించిన రోజే నా ముఖం చూసి ఆమెకు తెలిసిపోయిందట, నేను చెప్పింది పూర్తి నిజం కాదని. తర్వాతి ఆఫ్‌కు వెళ్తే నీ పనేమిటో అంతా చెప్పించుకుంది, పేపరు పడ్డాక చెప్పానని నీకు రాసింది నిజం కాదు. నీ మీద ఆమెకు కోపం ఒక్క పూట కూడా లేదు. ఈ మాట అప్పుడే రాసి ఉంటే నువ్వు నాలుగు ఆదివారాలు ఏడ్చేదానివి కాదు. రాస్తే, మరి ఫోన్‌కు ఎందుకు రాదని అడుగుతావు. అందుకే రాయలేదు.

చివరి వారం మంచం మీది నుంచి గోడకున్న కాగితం చూసి "గా పిలగాని రేటెంతరా" అని అడిగేది. నీ ఉత్తరంలో పేరు తీసేశారని ఉంది. ఇంకా ఉన్నాడనే చెప్పాను. "గా మోకాలితోటి గన్ని దినాలు ఆడిండు, గదే శాన" అంది.

పూలి అవ్వ నన్ను రోజూ అడుగుతోంది. ఆమె నీకు కబురు చెప్పాననే అనుకుంటోంది. మన ఆడవాళ్ల ఏడుపులో రాగం ఒక్కటే ఉండదు కదా బేటీ, చెప్పాల్సిందంతా అందులోనే ఉంటుంది. "హేమ్లి పోయింది, భార్గవీ, నీ యాడి పోయింది, జల్దీ రా" అని ఆమె ఫోన్లో నీ పేరు పెట్టి ఏడ్చిందట. విని కూడా నువ్వు పెట్టేశావని ఆ ముసలిది కుమిలిపోతోంది.

పెద్దక్క ఇంకా పెనుబల్లికి వెళ్లలేదు. చెల్లెలి బిడ్డ మెడ పట్టుకుని ఏడ్చేదాకా తన దుఃఖం తీరదంటుంది. నన్ను చూడడం ఇష్టం లేకపోతే నేను ఆ రోజు డ్యూటీ వేయించుకుంటాను. ఆమె కోసం ఒకసారి రా.

హాతీరాం


హైదరాబాద్
9 మే 2004

మామా,

నీ ఉత్తరం చింపలేదు. నిన్ను క్షమించానని రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను, చెయ్యి రాలేదు. హైదరాబాద్ తీసుకొస్తే మంచం కాడ కూర్చునేదాన్ని కదా. కూర్చోనివ్వాల్సింది మామా. ఉద్యోగాలు ఇంకా దొరుకుతాయి. నీ తెలివి మీద నాకు ఇప్పటికీ మంట ఉంది. అయినా ఆ ఒట్టు నీతో వేయించింది మా అమ్మే అని కూడా తెలుసు. ఆ రెంటి మధ్యా ఎటూ తేల్చుకోలేకపోతున్నాను.

అవార్డు ప్రకటించారు. మొదటి నుంచీ ముందున్నవాడికే వచ్చింది, ఆఫీసులో ఎవరూ ఆశ్చర్యపోలేదు. నన్ను పర్మనెంట్ చేశారు. అందరికీ స్వీట్లు పంచారు. మేనేజర్ నా కాగితాలు పైకెత్తి చూపించి, ఖాళీలు చూడడంలో ఈ అమ్మాయిని మించినవాళ్లు లేరన్నాడు. అది విని నేను బయటకు వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. సముద్రాల అవతల ఎవడి మోకాలు ఎప్పుడు వాచిందో నాకు తెలుసు. ఒక పేరు పక్కన అంకె మాయమైతే ఎందుకో వెతికేదాన్ని. నాలుగు ఆదివారాలు మా అమ్మ ఫోన్ దగ్గరకు రాకపోతే నాకు కోపమనే తోచింది, ఇంకోటి తోచలేదు.

పూలి అవ్వకు చెప్పు. ఆమె తప్పేమీ లేదు. ఆమె చెప్పింది, నేనే వినలేదు. ఆ ఏడుపులో మాటలుంటాయని చిన్నప్పటి నుంచీ తెలుసు, కానీ సిగ్గుతో ఎప్పుడూ రాగం వరకే విని తల తిప్పుకునేదాన్ని. దసరా రోజు వాకిట్లో అమ్మ నన్ను పట్టుకుని ఏమేం చెప్పి ఏడ్చిందో నాకు ఒక్క మాట గుర్తు లేదు. నీకు గుర్తుంటే చెప్పు. పెద్దమ్మకు గుర్తుండే ఉంటుంది.

గోడ మీది కాగితం తీయనివ్వకు.

వచ్చే ఆదివారం, పదహారున, పొద్దున బస్సుకు దిగుతాను. పెద్దమ్మను ఉండమను. నువ్వు డ్యూటీ వేయించుకోవద్దు, వాకిట్లోనే ఉండు. నాకు రాగం రాదు, మాటలు కూడా తెలియవు, పెద్దమ్మ మెడ పట్టుకుంటే అవే వస్తాయేమో. కొట్టు దాకా వినబడేలా ఏడుస్తాను. ఎవరు పోయారని ఎవరైనా అడిగితే, ఎవరూ పోలేదు, హేమ్లి బిడ్డ ఇంటికొచ్చిందని చెప్పు.

భార్గవి